నాలుగో స్థానం

అంబుజమ్మది చింతామణి దగ్గరున్న బట్లహళ్ళి అనే పల్లె. రాగి, వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి, బెంగళూరులో హాస్టల్లో ఉండి వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదివింది. చింతామణిలో అందరూ గుట్టకింద కాలేజీ అని పిలిచే ప్రైవేటు కాలేజీలో చేరేనాటికి అక్కడ పాఠం చెప్పే ఆడమనిషి ఆమె ఒక్కతే. పెళ్ళైన కొన్నేళ్ళకే భర్త కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. అత్త జయలక్ష్మమ్మ కోడల్ని పుట్టింటికి పంపలేదు. ఇద్దరూ కాలేజీకి దగ్గర్లోనే ఒక చిన్న అద్దె ఇంట్లో ఉండేవారు.

భర్త పోయినప్పుడు అంబుజమ్మ ఏడవలేదు. ఏడుపు తర్వాత వస్తుందిలే అన్నారు చూడవచ్చినవాళ్ళు. రాలేదు. కర్మాంతరాలు ముగిసిన మర్నాడే కాలేజీకి పోయి వేరు నిర్మాణం గురించి పాఠం చెప్పింది. అప్పటినుంచి అదే అలవాటైంది. ఎదురుగా ఏ పని ఉంటే అది చేయడం, అది అయ్యాక ఇంకోటి చేయడం. ఇది బాగుందా, బాగాలేదా అని లోపలనుంచి అడిగే మనిషి ఎటో వెళ్ళిపోయినట్టుండేది.

ఎనభై మూడులో బెంగళూరు వారపత్రిక ఒకటి రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలకు స్థానాలు కట్టి అచ్చు వేసింది. అంతకుముందు అలాంటిది ఎవరూ చూడలేదు. విద్యార్థులకు ర్యాంకులు రావడం తెలుసు గానీ, కాలేజీలకే ర్యాంకులు రావడం కొత్త. గుట్టకింద కాలేజీ అట్టడుగునుంచి రెండోది.

కాలేజీ పెట్టిన వెంకటరాయప్పకు ఊళ్ళో నూనె మిల్లు ఉంది. ఆ పత్రిక వచ్చిన వారమే ఆయన చిక్కబళ్ళాపురంలో ఒక పెళ్ళికి పోతే, పంక్తిలో కూర్చున్న వియ్యంకుడు అందరూ వినేట్టుగా, "ఏమప్పా, మీ కాలేజీ కింద కూడా ఇంకోటి ఉండాదంట గదా, అది యాడుండాదో చూసొద్దామా?" అన్నాడట. వెంకటరాయప్ప విస్తరి మడిచి లేచి వచ్చేశాడు. మర్నాడు అధ్యాపకులందర్నీ పిలిపించాడు.

"మన పిల్లోళ్ళు మొద్దులా, మీరు మొద్దులా? ఎవరో ఒకరు చెప్పండప్పా," అన్నాడు.

 అంబుజమ్మకు పత్రిక వేసిన లెక్కే తప్పనిపించింది. తప్పనిపించింది కాబట్టి చెప్పింది.

"వాళ్ళ లెక్కే సరిగా లేదు సార్. బెంగళూరు కాలేజీల్లో ఫస్ట్ క్లాసు వచ్చినోళ్ళనే చేర్చుకుంటారు. మనం వచ్చినోళ్ళందర్నీ చేర్చుకుంటాం. ఇంట్లో మొదటిసారి చదివేవాళ్ళే సగం మంది. పత్రికవాళ్ళు అవేమీ చూల్లేదు. పరీక్ష రాసినోళ్ళలో ఎంతమంది పాసైనారో, అంతే చూసినారు."

వెంకటరాయప్ప తలెత్తాడు. "రాసినోళ్ళలోనా? చేరినోళ్ళలో కాదా?"

"రాసినోళ్ళలోనే సార్."

ఆయన ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "అంటే, రాయనోళ్ళు లెక్కకు రారు."

తనేం చెప్పిందో అంబుజమ్మకు అప్పుడు అర్థమైంది. ఇంకో మాట అనడానికి వ్యవధి ఉంది. నేనన్నది అది కాదు సార్ అంటే సరిపోయేది. అనలేదు. ప్యూను టీ తెచ్చాడు. అందరితోపాటు తాగింది.

ఆ ఏడాది చివర్లో, పరీక్ష తప్పుతారనుకున్న వాళ్ళలో కొందరికి హాజరీ చాలలేదని చెప్పారు. హాజరీ చాలిన మిగతావాళ్ళ చేత, స్వంత కారణాల వల్ల ఈసారి పరీక్ష రాయనని అర్జీలు రాయించారు. ఏ సబ్జెక్టు వాళ్ళను ఆ సబ్జెక్టు అధ్యాపకులే ఒప్పించాలి. అంబుజమ్మ తనవంతు వాళ్ళను ఒక్కొక్కరినే ల్యాబుకు పిలిచి మాట్లాడింది. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. ఆమె చెబితే పిల్లలు వినేవాళ్ళు.

చివరగా వచ్చినవాడు మునినారాయణ. దిబ్బూరహళ్ళినుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచేవారు. పురుగులు గూళ్ళు కట్టే ముందు వారం మాత్రం కాలేజీకి రాలేకపోయేవాడు. ఇంగ్లీషులో రాయడానికి తడబడతాడు. గట్టెక్కినా అంతంతమాత్రంగానే.

"వచ్చే సంవత్సరం రాయొచ్చు నారాయణా. బాగా చదువుకొని రాయి."

"రాస్తే తప్పుతానంటారా మేడం?"

"తెలీదప్పా."

"తెలీకుండానే వద్దంటాండారా?"

అంబుజమ్మ కాగితం వైపు చూసింది. "కాలేజీ వాళ్ళు అట్ల నిర్ణయం చేసినారు."

 అతను ఆమె పెన్నే తీసుకొని సంతకం చేసి, పెన్ను మూత పెట్టి బల్లమీద ఉంచి వెళ్ళిపోయాడు. ఆమె మైక్రోస్కోపులకు గుడ్డలు కప్పి, ల్యాబుకు తాళం వేసి ఇంటికి పోయింది. జయలక్ష్మమ్మ ఉలవచారు చేసింది. అంబుజమ్మ తిని, బాగుందని చెప్పింది.

మరుసటేడు పత్రికలో గుట్టకింద కాలేజీకి నాలుగో స్థానం వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద నాలుగోది! చింతామణి బజారులో బ్యాండు పెట్టి ఊరేగించారు. బాగేపల్లినుంచీ, చిక్కబళ్ళాపురం నుంచీ శెట్లు కార్లలో వచ్చి వెంకటరాయప్పకు పూలదండలు వేశారు. వియ్యంకుడు కూడా వచ్చాడు. అధ్యాపకులకు తలా ఒక శాలువా కప్పారు. శాలువా భుజమ్మీద బరువుగా ఉందని తప్ప అంబుజమ్మకు ఇంకేమీ అనిపించలేదు.

ఆ నెలలోనే ఒక ఉదయం బస్టాండు దగ్గర ఒక పెద్దాయన ఆమెను ఆపాడు. చేతిలో ఖాళీ గోతాలు. పట్టుగూళ్ళు అమ్మి వస్తున్నాడు.

"మీరు అంబుజమ్మ మేడం గదమ్మా? నేను మునినారాయణ వాళ్ళ నాయన్ను, ఆంజనప్ప. మీ కాలేజీకి పెద్దపేరు వచ్చిందంట గదా."

"అవునప్పా."

"అంత మంచి కాలేజీలో వేస్తే మావాడు తప్పినాడు చూడమ్మా. మీరు బాగానే చెప్పినారంట. వాడి తలకే ఎక్కలేదు. మీరేమీ అనుకోవద్దండమ్మా."

కొడుకు తండ్రికి నిజం చెప్పలేదు. పరీక్ష రాయనివ్వలేదని చెప్పడం కంటే రాసి తప్పానని చెప్పడమే నయమనుకున్నాడు. అంబుజమ్మ నోరు తెరిచింది. దిబ్బూరహళ్ళి మీదుగా పోయే బాగేపల్లి బస్సు హారన్ కొట్టింది. ఆంజనప్ప దండం పెట్టి బస్సెక్కాడు. ఆమె కాలేజీకి పోయి పాఠం చెప్పింది.

అడుగునుంచి ఒక్క ఏడాదిలో నాలుగుకు ఎగబాకిన కాలేజీ మీద మిగతా కాలేజీల కన్ను పడింది. ఎవరో విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు పెట్టారు. కాలేజీలకు స్థానాలు కట్టే అధికారం పత్రికకు ఎవరిచ్చారని కొందరు, లెక్క బయటపడితే దాక్కోవడమెందుకని కొందరు, వారం వారం ఆ పత్రికలోనే జగడాలాడుకున్నారు. విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు పెద్దమనుషులు విచారణకు వచ్చారు. అధ్యాపకులంతా తమకేమీ తెలియదన్నారు. అంబుజమ్మను అడిగారు.

"పిల్లల చేత మీరు అర్జీలు రాయించినారా?"

"రాయించినాను సార్."

"యాల?"

"తప్పుతారేమోనని. తప్పితే స్థానం తగ్గుతుందని."

పక్కనే ఉన్న ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. ఆమె ధైర్యం చేసి చెప్పిందని తర్వాత కొందరు మెచ్చుకున్నారు. ధైర్యమేమీ కాదు. అడిగారు, చెప్పింది.

విచారణలో ఏమీ తేలలేదు. హాజరీ విషయం కాలేజీ ఇష్టమనీ, పత్రిక వేసే స్థానాలతో తమకు సంబంధం లేదనీ విశ్వవిద్యాలయం చేతులు దులుపుకుంది. పత్రిక మాత్రం లెక్క మార్చింది. ఇకమీదట ఫలితాలతో పాటు భవనాలు, లైబ్రరీలో పుస్తకాలు కూడా చూస్తామని ప్రకటించింది. వెంకటరాయప్ప బెంగళూరునుంచి పాత పుస్తకాలు లారీలో తెప్పించాడు. పాతబడిన న్యాయశాస్త్రం పుస్తకాలు, విప్పని రష్యా పుస్తకాల కట్టలు, సగం చిరిగిన డైరెక్టరీలు. నిజం చెప్పినందుకు అంబుజమ్మను పాఠాలనుంచి తప్పించి, ఆ పుస్తకాలకు కాలేజీ ముద్ర వేసే పనిలో పెట్టారు. ఆమె ముద్రలు వేసింది. ఎవరూ చదవని పుస్తకాలకు రోజూ ముద్రలు వేస్తుంటే చేతివేళ్ళు ఊదారంగుకు తిరిగాయి.

"చేతులకేందే అది?" అంది ఒకనాడు జయలక్ష్మమ్మ.

"ఇంకు అత్తా."

"పాఠాలు చెప్పడంల్యా?"

"లేదు."

ముసలావిడ కొబ్బరినూనె తెచ్చి కోడలి వేళ్ళకు రుద్దింది. రుద్దుతూ, "నువ్వు నా కొడుకు పోయినప్పుడు కూడా ఏడవకపోతివి. నాకు భయంగా ఉండాది తల్లీ," అంది.  మర్నాడు ఆదివారం. అంబుజమ్మ పొద్దున్నే లేచి దిబ్బూరహళ్ళి బస్సెక్కింది.

మునినారాయణ ఇంటి చావడిలో మల్బరీ ఆకు తరుగుతున్నాడు. పురుగులు ఆకు తినే చప్పుడు సన్నని వానలా వినిపిస్తోంది. ఆమెను చూసి లేచాడు గానీ రమ్మనలేదు. ఆంజనప్ప పరుగున వచ్చి చాప వేశాడు. అంబుజమ్మ కూర్చోలేదు.

"ఆంజనప్పా, మీవాడు తప్పలేదు. మేం రాయనీలేదు. వీడు రాస్తే కాలేజీ స్థానం తగ్గుతుందని నేనే వద్దని అర్జీ రాయించినాను."

 ఆంజనప్ప కొడుకు వైపు చూశాడు. కొడుకు తలెత్తలేదు, ఆకు తరుగుతూనే ఉన్నాడు.

"ఇన్నాళ్ళూ వాణ్ని తిడతానే ఉండానే అమ్మా," అన్నాడు ఆంజనప్ప. "అన్నం తినేటప్పుడు కూడా తిడితిని."

"మీరు ఊరికే ఉండండి నాయనా," అన్నాడు మునినారాయణ. తర్వాత ఆమెతో, "ఇప్పుడెందుకొచ్చినారు మేడం?" అని అడిగాడు.

"మళ్ళీ రాయొచ్చు. ఫారం తెచ్చినాను."

"పురుగులు పండి గూళ్ళు కట్టే వేళయ్యింది. ఆడ పెట్టి పోండి."

ఆమె ఫారాన్ని గోడ గూట్లో పెట్టింది. ఆంజనప్ప మజ్జిగ ఇస్తే తాగింది. తిరుగు బస్సు వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడింది. గుండె తేలికపడుతుందని అనుకుంది. పడలేదు. బరువూ అనిపించలేదు.

అక్టోబరులో మునినారాయణ వచ్చి పరీక్ష రాశాడు. వృక్షశాస్త్రం పాసయ్యాడు. ఇంగ్లీషు పోయింది. మళ్ళీ రాయలేదు. అంతకుముందే రాసి ఉంటే గట్టెక్కేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. కొత్త లెక్కలో కాలేజీ నడిమధ్య ఎక్కడో పడింది. దానికి బ్యాండు పెట్టలేదు, ఎవరూ వెక్కిరించనూలేదు.

ఎనభై ఏడులో వృక్షశాస్త్రం చెప్పే కుర్రాయనకు బ్యాంకులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, ఇంకెవరూ దొరక్క అంబుజమ్మను మళ్ళీ పాఠాలకు పిలిచారు. మొదటిరోజు తరగతిలో కూర్చున్న పిల్లల్ని చూసింది. వీళ్ళలో ఎవరు తప్పుతారో మొహాలను బట్టి చూడటం అలవాటైపోయిందని గ్రహించి, తల తిప్పుకొని బోర్డు మీద వేరు బొమ్మ గీయడం మొదలుపెట్టింది.