మా మామ ఎంచిన పొట్టేలు

మా మామ పోయి నిన్నటికి నెల. మామ అంటే మా ఆయన తండ్రి. పాకాల దగ్గర మా పల్లెలో గొర్రెల పెద్దాయన అంటే ఆయనే. చూడ్డానికి వచ్చినవాళ్ళు "మంచంలోంచి విడుదలయినాడులే" అన్నారు. నిజమే, పక్షవాతం వచ్చాక రెండేళ్ళు ఆ నులకమంచం దిగలేదు. మందను మాత్రం నా చేతికి వదిలి పోయాడు. నాకెప్పుడు విడుదలో ఎవరూ చెప్పలేదు.

మా ఆయనకు నగరి మరమగ్గాల్లో పని, పదిహేను రోజులకొకసారి వస్తాడు. అందుకని మామ పడిపోగానే నలభై గొర్రెలూ నా మెడకు చుట్టుకున్నాయి. మంచంలోంచే నేర్పాడాయన. కోడలితో సూటిగా అనలేని మాటలు కొన్ని ఉంటాయి కదా, వాటిని మా అత్తకు చెప్పేవాడు. "పొట్టేలికి వట్టలు రెండూ సమంగా ఉండాయో లేదో పట్టి సూడమను ఆ పాపను" అనేవాడు గోడవైపు తిరిగి. అత్త నవ్వాపుకోలేక సగం చెప్పి లోపలికి పోయేది. మిగతా సగం నేనే తెలుసుకోవాలి.

ఊళ్ళో అందరూ ఎత్తయిన పొట్టేలంటే పడిచస్తారు. ఆయన మాత్రం "ముందు నీకేం కావాల్నో తేల్చుకో పాపా, ఆమైన గొర్రెను సూడు" అనేవాడు. "మనది రాళ్ళగుట్ట. ఎండాకాలం ఎక్కి దిగే కాళ్ళు కావాల, పిల్లకు పాలు సాలాల. పొట్టేల్ని కాదు, దాని తల్లిని సూడు." మందలో ఒక ముసలి గొర్రె చివరి రెండు ఈతల్లోనూ జంటపిల్లల్ని ఈని, నాలుగింటినీ సాకింది. దాని నల్లచెవుల పిల్లనే మందకు విత్తనపు పొట్టేలుగా ఎంచాడు. కళ్ళు అప్పటికే మసక. రోజూ సాయంత్రం దాన్ని తెమ్మని, పనిచేసే కుడిచేత్తో తడిమేవాడు.

బక్రీదుకు ముందు బేరగాడు వచ్చాడు. మేత అయిపోయింది, బావి అడుగంటింది, పొట్టేళ్ళను అమ్మక తప్పదు. వాడు నల్లచెవులదాని మీద చెయ్యేసి, "ఇది బండెక్కితేనే మిగతావి ఎక్కేది" అన్నాడు. బతిమాలాను. బండి తిప్పుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇచ్చేశాను. మంచిదాన్ని బండెక్కించి, మిగిలినదాన్ని మందకు వదలడం మా పల్లెల్లో అందరూ చేసే తప్పే. ఆయన బతుకంతా తిట్టిన తప్పు కూడా అదే.

ఆ సాయంత్రం అమ్ముడుపోని పొట్టేలుపిల్లనొకదాన్ని మామ దగ్గరికి పట్టుకెళ్ళాను. భుజం నుంచి తోకదాకా తడిమాడు. "బాగా మేపు" అన్నాడు. నమ్మాడనుకుని ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను మీకు, ఆ నాటకం మూడు నెలలు ఆడాను.

పోయే ముందు వారం, అత్త ఇంట్లో లేనప్పుడు, మొదటిసారి గోడవైపు కాక నా వైపు తిరిగి మాట్లాడాడు.

"నువ్వు తెచ్చేది ఆ పిల్ల కాదని మొదటి దినమే తెలుసు పాపా. మేత లేనప్పుడు యాడికి పోతావులే. నేనూ ఒగసారి అట్నే ఇచ్చినా. మంద తేరుకునేదానికి ఆరేండ్లు పట్టింది. దీన్ని మాత్రం మంద మీదికి వదలాకు."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు గొర్రెలు ఎదకొచ్చాయి. చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను. మంచి పొట్టేలు ఎవరి దగ్గరా లేదు, అందరూ నాలాగే అమ్మేసుకున్నారు. ఉన్నదాన్ని వదిలితే నాసిరకం పిల్లలతో ఏళ్ళకేళ్ళు. వదలకపోతే ఈ ఏడాది పిల్లలే ఉండవు, ఇల్లు గడవదు. ప్రస్తుతానికి అది గొర్రెల మీదికెక్కకుండా పొట్ట కింద గోనెపట్టా కట్టి ఉంచాను.

ఈ పొద్దున మా ఆయన ఫోన్ చేసి, "ఇప్పేయ్, ఏదో ఒగటి ఈనుతాయి" అన్నాడు. దొడ్లోకి వెళ్ళాను. పొట్టేలు గోనెతోనే పెనుగులాడుతోంది. గొర్రెలు దాని చుట్టూ మూగి, ఎటూ కదలకుండా ఉన్నాయి. ముడి మీద చెయ్యి వేశాను.

"ఇట్లా ఇరికిచ్చి పోతివే మామా" అని గట్టిగానే ఏడ్చాను. ఏడుస్తూనే ముడి ఇంకాస్త బిగించాను.