పెనం మీద అరచెయ్యి

సూర్యాపేటలో నేను చేసే ఉద్యోగానికి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అని పేరు. ఆ పేరు పలికే ఓపిక ఎవరికీ ఉండదు. "ఎక్సర్‌సైజ్ మేడం" అంటారు. జబ్బు చేసినవాళ్లు తమ పనులు మళ్లీ తామే చేసుకునేలా చేయడం నా పని అని మొదట్లో చెప్పి చెప్పి విసిగిపోయాను. అసలే నాకు ఓపిక తక్కువ. ఇప్పుడు ఏ పేరుతో పిలిచినా పలుకుతున్నాను.

బస్టాండు పక్కన దోశల బండి నడిపే ఒకామె పక్షవాతంతో నా దగ్గరికి వచ్చింది. యాభై దాటిన మనిషి, భర్త లేడు, డిగ్రీ చదివే కూతురు ఉంది. కుడికాలు తొందరగానే దారికొచ్చింది కానీ కుడిచెయ్యి మొండికేసింది. మొదటి నెలంతా నేను పోట్లాడింది ఆ చేతితో కాదు, కూతురితో. తల్లికి తల దువ్వేది తనే, అన్నం కలిపి నోట్లో పెట్టేది తనే. "అన్నీ నువ్వే చేసిపెడితే మీ అమ్మ చేతికి ఇంక పనేముంది?" అని ఒకరోజు గట్టిగా కసిరాను. మాది కోదాడ. కోపం వస్తే నా మాట ఆంధ్ర వైపు జారుతుంది. తల్లి నవ్వి, "మేడం తిట్టినా పాట పాడినట్టే ఉంటది" అంది.

మూడో నెలకి పట్టు వచ్చింది. గరిటెతో నీళ్లు ముంచి, చల్లని పెనం మీద గుండ్రంగా తిప్పగలిగింది. సరిగ్గా అప్పుడే, తన దుకాణం ముందు ఆమెకు బండి జాగా ఇచ్చిన ఆయన కబురు పంపాడు. ఇన్నాళ్లూ ఖాళీగా ఉంచాడట. సోమవారానికి కూడా ఈమె రాకపోతే, మిర్యాలగూడ నుంచి వచ్చే ఇంకొకామెకు ఇచ్చేస్తాడట.

"సోమారం పోవాలె బిడ్డా. ఆ జాగ పోతే మల్ల దొరకదు" అంది.

పొయ్యి దగ్గరికి పంపేముందు చేతికి స్పర్శ తెలుస్తోందో లేదో చూడాలి. శనివారం ఆమెను కళ్లు మూసుకోమని, వేళ్లకు దూది తాకించాను. పొగలు కక్కే వేడినీళ్ల సీసా ఒకసారి, చన్నీళ్ల సీసా ఒకసారి ఆనించాను. అన్నిటికీ సరిగ్గానే చెప్పింది. కానీ ఆమె రెప్పలు అదురుతున్నాయి. చూస్తున్నట్టుందని అనుమానం వచ్చింది. మధ్యలో తువ్వాలు అడ్డం పెట్టి మళ్లీ మొదటినుంచి అడగాలి. అడగలేదు. ఆమె సోమవారం వెళ్లాలని నాకూ ఉంది. సరే అన్నాను.

ఆదివారం పొద్దున వాళ్లింట్లో నిజం పొయ్యి మీద, నిజం పిండితో పరీక్ష పెట్టాం. నేను చేతులు కట్టుకుని నిలబడాలి, సాయం చేయకూడదు. మొదటి దోశ అంచు చిరిగింది. రెండోది పల్చగా, గుండ్రంగా వచ్చింది.

తల్లికి సెగ తగులుతుందని కూతురు చప్పుడు కాకుండా మంట తగ్గించింది. తల్లి కనిపెట్టింది. "పెనం సల్లబడ్డట్టుంది" అని గరిటె ఎడమచేతికి మార్చుకుని కుడిచెయ్యి చాపింది. చాలామంది పెనం కాగిందో లేదో నీళ్లు చల్లి చూస్తారు. ఈమె అరచెయ్యి పెనం మీద జానెడు ఎత్తులో ఆపి చూస్తుందట, ఇరవై ఏళ్ల అలవాటు. సెగ తగల్లేదు. ఇంకాస్త దించింది. ముఖం కూతురి వైపు తిప్పి, మంట ఎందుకు తగ్గించావని అడుగుతోంది. చెయ్యి ఇంకా దిగింది. నేను గరిటెను చూస్తున్నాను, చేతిని కాదు. చూసేసరికి అరచెయ్యి పెనానికి ఆని ఉంది.

"చెయ్యి తియ్యండి" అన్నాను. ఎందుకు తీయాలో ఆమెకు అర్థం కాలేదు. నేనే మణికట్టు పట్టి లాగాను.

కుళాయి కింద చాలాసేపు పట్టి ఉంచాం. చర్మం తెల్లగా ఉబ్బింది. కూతురు పొయ్యి ఆర్పేసి గోడకు ఆనుకుంది. తల్లి మాత్రం నింపాదిగా, "నొప్పి లేదు బిడ్డా. రేపు పోత" అంది.

నొప్పి లేకపోవడమే నా భయం అని చెప్పాను. రేపు వద్దన్నాను.

"నిన్న సరే అన్నవ్ గదా."

దొంగచూపు ఆమెదైనా, కనిపెట్టి కూడా ఊరుకున్నది నేను. ఆ చెయ్యి కాలింది నా వల్లే. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. కూతురి ముందు నోరు రాలేదు. సోమవారం నేను కోదాడ బస్సు దిగేసరికి ఆ జాగాలో కొత్త బండి ఉంది. తల దించుకుని దాటిపోయాను.

బుధవారం ఆమె ఒక్కతే ఆటోలో వచ్చింది. అరచేతికి కట్టు ఉంది, వేళ్లు బయటికి ఉన్నాయి. ఎట్లా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. తప్పు నాదని మాత్రం చెప్పాను. ఆమె విని, "కొత్తామెను సూసొచ్చిన. పెనం కాగకముందే పోస్తంది" అంది. చెయ్యి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు అడుగు. దొంగసూపు సూడ. నిజంగనే ఏం తెలుస్తదో సూద్దాం" అని కళ్లు గట్టిగా మూసుకుంది.

బొటనవేలికి వేడి సీసా ఆనించాను. "తెల్వదు" అంది. రాసుకున్నాను. చూపుడు వేలు, తెల్వదు. మధ్య వేలు, ఉంగరం వేలు, అదే మాట. చిటికెన వేలికి కూడా తెల్వదనేసరికి నా పెన్ను ఆగిపోయింది. పెన్ను చప్పుడు లేకపోవడంతో నేను రాయడం లేదని ఆమెకు తెలిసినట్టుంది.

"రాయి బిడ్డా" అంది, కళ్లు తెరవకుండానే.