కార్వేటినగరంలో నేను చెరిపిన మొహం

మొన్న తిరుపతిలో మా అమ్మాయి గృహప్రవేశానికి అందరం గుంపుగా ఫోటో దిగితే, కళ్ళు మూసుకున్నది నేనొక్కణ్ణే. మా అమ్మాయి సెల్‌ఫోను మీద వేలితో ఏదో నొక్కింది, అంతే, నా కళ్ళు తెరుచుకున్నాయి. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం ఫోను లాక్కుని, అవి నా కళ్ళేనా, ఇంకెవరివైనా తెచ్చి అతికించిందా అని అద్దాలు పెట్టుకుని మరీ చూశాను. "నీ కండ్లను గూడా నువ్వు నమ్మవు గదా నాయనా" అని నవ్వింది. నవ్వదా మరి! బతుకంతా ఫోటోలు తీసినవాడికి అనుమానం కాక ఇంకేం మిగులుతుంది?

నేను పని నేర్చింది కార్వేటినగరంలో మా మేనమామ స్టూడియోలో. అక్కడ మేకుకు ఒక నల్లకోటు, తిరగని చేతిగడియారం ఒకటి వేలాడేవి. చుట్టుపక్కల పెళ్ళికొడుకుల్లో సగంమంది ఆ రెండూ తగిలించుకునే ఫోటో దిగేవాళ్ళు, ఆ ఫోటోలు చూసి మురిసిపోయి పిల్లనిచ్చినవాళ్ళనూ నేనెరుగుదును. అలాంటిచోట ఎదిగినవాడు మనుషుల్ని నమ్ముతాడా చెప్పండి. నాకైతే గిరాకీ గడప తొక్కగానే, వీడేం దాస్తున్నాడా అనిపించేది.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పల్లెల్లో చాలామంది బతికుండగా ఫోటో దిగేవాళ్ళే కాదు. మనిషి పోయాక మాకు కబురొచ్చేది. కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండవేసి ఉంచితే ఫోటో తీసుకుని వచ్చి, దానిమీద సన్నటి బ్రష్షుతో కళ్ళు తెరిచినట్టు దిద్ది, పెద్దదిగా పటం కట్టించి ఇచ్చేవాళ్ళం. ఆ కళ్ళు దిద్దడంలో నా చెయ్యి తిరిగిందని పేరు, ఆ పేరు వింటే నాకు కాస్త గర్వం కూడా.

సత్యవేడు దారిలో ఒక పల్లెలో అలాగే ఒక రైతు పోతే వెళ్ళి తీసుకొచ్చాను. పదిరోజులకు ఆయన తమ్ముడు వచ్చి, పటం వద్దు, చిన్నవి, పాస్‌పోర్టు సైజువి మూడు కావాలన్నాడు. "కండ్లు తెరిసుండాలప్పా, దండ మాత్రం కనపడకూడదు" అన్నాడు. ఎందుకని అడిగితే తలొంచుకున్నాడే తప్ప నోరు విప్పలేదు. ఇంకేముంది! చచ్చినవాణ్ణి బతికున్నట్టు చూపించి, ఏ కాగితాలకో ఈ ఫోటో అంటించి, వదిన భాగం పొలం కాజేయబోతున్నాడని లెక్కకట్టేశాను. నేను కాదంటే నెగెటివ్ అడిగి తీసుకుని ఇంకో స్టూడియోకు పోతాడు కదా అని, అతను వెళ్ళగానే బ్లేడు తీసుకుని నెగెటివ్ మీద ఆ మొహాన్ని గీకేశాను. మళ్ళీ వస్తే బూజుపట్టి పాడైపోయిందని చెప్పాను. పాపం, నమ్మి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఒక ఆడకూతురి పొలం కాపాడానని మనసులో ఎంత పొంగిపోయానో!

కొన్నాళ్ళకు ఆ ఆడకూతురే వచ్చింది, అయిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని. పాప బయట గడపలో కూర్చుంది.

"వాళ్ళ నాయన్ను ఆ కుర్చీలో సూసినకాడ్నుంచి పాప జడుసుకుంటా ఉండాదన్నా. కండ్లు తెరిసిన మొగం సిన్నది ఒకటి ఉంటే పలకసంచిలో పెట్టుకుంటాదని మా మరిదిని నేనే పంపించినాను. నాకొకటి, ఆయనకొకటి. అన్న మాటెత్తితే ఆయనకు నోరు పెగల్దు. ఆ పాడైపోయినదాన్నే ఎట్లన్నా ఇయ్యన్నా, ఆ మొగం ఇంకేడా లేదు."

నా చేత్తో నేనే చెరిపానని ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు, "ఎందుకన్నా?" అని మాత్రం అడిగింది. అన్నదమ్ములది ఒకటే పోలికని తీసినరోజే గమనించాను గనుక, మరిదిని ఒకసారి తీసుకురమ్మని బతిమాలాను.

అతను వచ్చి కెమెరా ముందు కూర్చున్నాడు. తీసిన ఫోటోమీద రెండురోజులు కూర్చుని దిద్దాను. నా పక్కన నిలబడి, మీసం ఇంకా ఒత్తనీ, కళ్ళు ఇంత పెద్దవి కావనీ, ఎడమబుగ్గ మీద పుట్టుమచ్చ ఉండాలనీ ఆమె చెబుతుంటే, నేను దొంగ ఫోటో తయారుచేశాను. ఎదుటివాడు చేస్తాడని నేను భయపడిన పనే అది. పాప దాన్ని చూసి, "నాయన" అంది. ఆ మాట విని తమ్ముడు గోడవైపు తిరిగాడు.

ఆ పాపకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. తండ్రి అనుకుని దాచుకున్నది చిన్నాయన మొహమని ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. ఈనాటి పిల్లలు ఏ ఫోటో చూపించినా నిజమా, తయారుచేసిందా అని ముందే అడుగుతారు, అది మంచిదే. అప్పట్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఒక్కగానొక్క మొహాన్ని మా చేతుల్లో పెట్టి, ఇంకేమాటా లేకుండా బస్సెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. అంత నమ్మినవాళ్ళను నేను ఒక్క పూటైనా నమ్మలేకపోయాను.