స్టేజీ వెనక గేటు

మా బడిలో చదివి, ట్రాఫిక్ ఎస్సైగా రిటైరైన మా అన్నకు బడివాళ్లు సన్మానం చేశారు. ఆయన నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను పదిలో లెక్కలు తప్పి, తరువాత సొంతంగా నేర్చుకుని, మేస్త్రీలకు కొలతలు తీసిపెడుతూ బతుకుతున్నవాణ్ని. అందుకే ఆ సభను కూడా కొలిచాను. రెండు గంటల పది నిమిషాలు నడిచింది. శాలువాలు ఇరవై మూడు. ఆయనకు కప్పింది ఒకటి, మిగిలినవి పెద్దలు ఒకరికొకరు కప్పుకున్నారు. ఫ్లెక్సీ మీద పద్నాలుగు ముఖాలు. ఆయనది కింది మూలన, తాడు ముడి చాటున.

ఉపన్యాసాల్లో ఆయన్ని సింహం అన్నారు. ఆయన చేసిన పని ఒక్కరూ చెప్పలేదు. మా బడి ముందు గేటు ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు మీదికే తెరుచుకుంటుంది. ఆయన తన సెలవు రోజున కూడా బడి విడిచే వేళకు వచ్చి పిల్లలను రోడ్డు దాటించేవాడు. అట్లా పదకొండేళ్లు. బండ్లు గుద్దిన నలుగురు పిల్లలను తనే దవాఖానకు మోసుకెళ్లాడు. ముగ్గురు మళ్లీ బడికి వచ్చారు.

బడికి వెనక గేటు కూడా ఉంది. దాని అవతలి సందు నేరుగా అండర్‌పాస్‌లోకి దిగుతుంది, రోడ్డెక్కే పనే లేదు. ఒక దాత ఆ గేటుకు అడ్డంగా సిమెంటు స్టేజీ కట్టించాడు. తూర్పు ముఖంగా ఉండాలని వాస్తు చూపించారు, ముహూర్తం పెట్టించారు. పిల్లలు ఎటు పోతారని మాత్రం ఎవరూ అడగలేదు. సభకు ముందురోజు అన్న నాతో ఆ స్టేజీ కొలిపించాడు. ముప్పై అడుగుల్లో ఐదు తీసేస్తే గేటు తెరుచుకుంటుంది.

చివరికి ఆయన చేతికి మైకు వచ్చింది.

"నాకేం వద్దు సార్. గీ స్టేజీ ఐదు ఫీట్లు కొయ్యిన్రి. పోరగాండ్లు ఎన్కకెళ్లి పోతరు."

పెద్దలు జోకనుకుని చప్పట్లు కొట్టారు. దాత మాత్రం నవ్వలేదు.

"ఏందన్నా, సన్మానం జేస్తే స్టేజీనే కూలగొడ్తవా? గా మూలకే నా పేరు రాయి ఉన్నది."

"రాయి నీ ఇంట్ల పెట్టుకో తమ్మీ, ఎవరొద్దన్నరు?"

అంటూనే ఆయన స్టేజీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నౌకరీ జేసినన్ని ఏండ్లు ధర్నాల కాడ మందిని లేపిన. ఇయ్యాల నన్ను ఎవరు లేపుతరో సూస్త."

హెడ్మాస్టరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "జర లేవున్రి అన్నా, ఫొటోలు దిగాలె."

"గిట్లనే దియ్యిన్రి."

జనం ఫోన్లు పైకెత్తారు. దవాఖాన పాలైన నలుగురు పిల్లలు కదిలించలేని ఆ దాతను ఫోన్లు కదిలించాయి. సరే, కొయ్యమన్నాడు. తన రాయిని మాత్రం కొత్త దారి మొదట్లో నిలబెట్టాలన్నాడు. దాత ఔదార్యంతో విద్యార్థులకు కొత్త దారి అని పేపర్లో వేశారు. అందులో అన్న పేరు లేదు.

గేటు తెరిచిన మొదటి సాయంత్రం నేను అక్కడే నిలబడి లెక్కపెట్టాను. నూట పన్నెండు మంది సందులోంచి వెళ్లారు. తొమ్మిది మంది అలవాటు కొద్దీ ముందు గేటు వైపు నడిచారు. "అరేయ్, గటు కాదురా!" అని అరుస్తూ అన్న వాళ్ల వెనక ఉరికాడు.