మంచు లేని నెలలో ఇక్తోమి కథ

అమెరికాలో లకోటా తెగవాళ్లు ఉండే రోజ్‌బడ్‌లో బడి బస్సు నడిపే ఆర్డిస్ స్టాండింగ్ క్రేన్ పద్దెనిమిది దేశాల్లో కథలు చెప్పింది. తమ్ముడి కొడుకు డెల్మార్ డప్పు కొట్టేవాడు, అతని కూతుళ్లు నాట్యం చేసేవాళ్లు, కథ మాత్రం ఆమెది. ఎండాకాలం వెళ్తే జరిగిన సంగతులే చెప్పేది. జిత్తులమారి సాలీడు ఇక్తోమి కథలు మంచు పడ్డాకే చెప్పాలి. కాలం కాని కాలంలో చెబితే ఒళ్లంతా బొచ్చు మొలుస్తుందని నాయనమ్మ హెచ్చరించింది. ఆర్డిస్ నమ్మేదో లేదో గాని, అరవై మూడేళ్లలో ఒక్కసారీ పరీక్షించి చూడలేదు.

ఒక ఏడాది జూలైలో ఆమె పెరట్లోకి కెమెరాలు వచ్చాయి. అరగంట కార్యక్రమం ప్రపంచమంతటికీ ప్రత్యక్ష ప్రసారం. ఆమె కాఫీ పోస్తుంటే కెమెరాలతో వచ్చిన పిల్ల మెచ్చుకోలుగా అంది.

"ఆర్డిస్ గారూ, మీ ఇక్తోమి కథ భలే ఉంది. చివర్లో మీ మనవరాలి నవ్వు కూడా ఉంచేశాం."

ఆర్డిస్ కాఫీ గిన్నె దింపి డెల్మార్ వైపు తిరిగింది. "ఏంట్రా అది?"

"జనవరిలో మీ వంటింట్లో చెప్పావు కదత్తా. ఫోన్‌లో పట్టాను. చెప్పింది చలికాలంలోనే, ఇంక తప్పేముంది? నువ్వు నాలుగు ముక్కలు పలకరించి కూర్చో. తర్వాత అదే మోగుతుంది."

"జూలైలో నా గొంతు మోగితే, కథ చెప్పింది నేనా, నీ ఫోనా?"

"వాళ్ల కాగితం మీద సంతకం పెట్టేశానత్తా. బొచ్చు మొలిస్తే రేజర్ నేను కొనిస్తాలే."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తమ తెగ కొండల్ని తెల్లవాళ్లు లాక్కున్నప్పుడు తిట్టుకోవడానికి పరాయివాడున్నాడు. ఇప్పుడు ఎవరిని తిట్టాలి? వీడికి డప్పు మీద మొదటి దెబ్బ నేర్పింది తనే.

పిల్లల నాట్యం అయ్యాక ఆమె కెమెరా ముందు కూర్చుంది.

"నా పేరు ఆర్డిస్. ఇవాళ పొద్దున జరిగిన సంగతి చెబుతాను. జరిగింది గనక ఎండలోనూ చెప్పొచ్చు. ఒక అత్త ఉంది. ఆమెకో మేనల్లుడు, వాడికో ఫోను."

అక్కణ్ణుంచి ఆపలేదు. వంటింట్లో దొంగచాటుగా పట్టిన గొంతు, అడక్కుండా పెట్టిన సంతకం, చివరికి రేజర్ బేరం కూడా చెప్పింది. కెమెరాల పిల్ల ఇక చాలని చేయి ఊపింది. నలభై మంది పిల్లల అల్లరి మధ్య బస్సు నడిపిన మనిషి, ఆ చేయి చూడనట్టే ఉంది. ఆమె కథ ఆగిన ప్రతిచోటా డప్పు మీద దెబ్బ వేయడం డెల్మార్ పని. తల వంచుకుని వేశాడు, తన పేరు వచ్చినప్పుడు కూడా.

అరగంట అయిపోయింది. ఇక్తోమి కథ మోగలేదు.

డెల్మార్ కథ మాత్రం రోజ్‌బడ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి మంచు పడేదాకా ఆగక్కర్లేదు.