లోయాంగ్ గుడి చరిత్ర, నేను తీసిన కమలాపండు

చైనాలోని లోయాంగ్ నగరంలో ఉన్న తెల్ల గుర్రం గుడి గురించి ముప్పై ఏళ్లు బడిపిల్లలకు పాఠం చెప్పాను. మన దేశం నుంచి ఇద్దరు భిక్షువులు తెల్ల గుర్రం మీద గ్రంథాలతో వెళ్లారని, హాన్ చక్రవర్తి వారికోసం ఆ గుడి కట్టించాడని చెప్పుకుంటారు. నాకు తెలిసింది అంతే. అంత దూరం ఇక నా మోకాళ్లు రావు. అమెరికాలోని ఎడిసన్‌లో మా అమ్మాయి సుధ ఇంట్లో ఉండగా, గంట దూరంలోని ఒక చైనా బౌద్ధాలయంలో లోయాంగ్ ఆవిడ ఒకరు ఆదివారాలు ఆ చరిత్ర చెబుతారని తెలిసి, వెళ్దామన్నాను.

తొమ్మిదీ పదికి బయలుదేరాం. టోల్ మూడు డాలర్ల ఇరవై సెంట్లు. ప్రవేశానికీ పార్కింగ్‌కీ రుసుము లేదు. దారిలో పదేళ్ల మనవరాలు మనస్వితో, "గుడిలో దేన్నీ ముట్టుకోకు," అన్నాను.

"అమ్మమ్మా, థర్డ్ టైమ్ చెప్తున్నావ్."

"నాలుగోసారి."

చరిత్ర చెప్పే లిన్ గారిది ఇంచుమించు నా వయసే. యుద్ధాల్లో ఆ గుడి ఎన్నోసార్లు పాడైందని, ప్రతిసారీ మళ్లీ కట్టుకున్నారని, ఆ ఇద్దరు భిక్షువుల సమాధులు ఇప్పటికీ ఆవరణలోనే ఉన్నాయని ఇంగ్లీషులో చెప్పారు. నేను మధ్యలో అందుకుని, "అదంతా మా దేశం పెట్టిన భిక్ష," అన్నాను. ఆవిడ మర్యాదగా తలూపారు.

తర్వాత పక్క గదిలోకి వెళ్లాం. చైనా లిపిలో రాసిన పలకలు, చిన్న దీపాలు, ఒక పలక ముందు పళ్లెంలో కమలాపళ్లు ఉన్నాయి. మన గుళ్లలోలాగే నైవేద్యం అయ్యాక పంచే పళ్లనుకున్నాను. ఒకటి తీసి, కళ్లకద్దుకుని, వలిచి మనస్వి చేతిలో పెట్టాను. "ప్రసాదం. వద్దనకూడదు."

లిన్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ పలక మీద ఉన్నది వాళ్లమ్మ పేరట. ఆ రోజు ఆ తల్లి వర్ధంతట.

మా ఇంట్లో తద్దినం నాడు పెద్దలకు వడ్డించిన విస్తరి దరిదాపులకు కూడా పిల్లల్ని రానివ్వను నేను. నేలచూపులు చూస్తూ క్షమించమని గొణిగాను.

"కళ్లలోకి చూసి సారీ చెప్పాలి, అమ్మమ్మా. నువ్వే అంటావ్ కదా," అంది మనస్వి.

"మనూ, నువ్వు ఆగు," అంది సుధ.

"దాన్నేమీ అనకు," అని తలెత్తి, లిన్ గారి కళ్లలోకి చూసి మళ్లీ చెప్పాను.

ఆవిడ మనస్వి చేతిలోని పండు వైపు చూశారు. తర్వాత, "పాపను తిననివ్వండి," అన్నారు. "లోయాంగ్ గుడికి వెళ్లినప్పుడల్లా మా అమ్మ ఆ ఇద్దరి సమాధుల దగ్గర చెరో పండు పెట్టేది. దేశం కాని దేశంలో పోయారు, వాళ్లకి పెట్టేవాళ్లు ఎవరున్నారు అనేది."

అక్కడి శాకాహార భోజనం తలా ఎనిమిది డాలర్లు. బాగుందని సుధ అంది. నాకు మింగుడు పడలేదు. ముప్పై ఏళ్లు ఆ భిక్షువుల ప్రయాణం గురించి గర్వంగా చెప్పాను. అక్కడే పోయిన వాళ్లను ఎవరు తలుచుకుంటారని ఒక్కసారీ ఆలోచించలేదు. వాళ్లకు పండు పెట్టిన తల్లి పళ్లెంలోంచే పండు తీశాను.

మీరు వెళ్లేట్టయితే పదింటికల్లా చేరుకోండి. పక్క గదిలో పళ్లు ముట్టుకోకండి. ఇంటి నుంచే రెండు పళ్లు పట్టుకెళ్లి, ఎక్కడ పెట్టమంటారో అడిగి పెట్టండి.