అల్ రువైస్ బస్సులో తాటిరేవు

దోహా నుంచి అల్ రువైస్ వెళ్ళే బస్సులో నా పక్క సీట్లో ఒక జర్మన్ పెద్దాయన కూర్చున్నాడు. కిటికీ బయట ఇసుక తప్ప ఏమీ లేదు. ఎవరితోనైనా మాట్లాడాలనిపించి, "మీదే ఊరండీ?" అని ఇంగ్లీషులో అడిగాను.

ఆయన తన మోకాలి మీద వేలితో గీసి చూపించాడు. ఇక్కడ చిన్న ఏరు, పక్కన చర్చి, చుట్టూ పొలాలు. యుద్ధాలనూ కరువులనూ తట్టుకుని వందల ఏళ్ళు నిలిచిన ఊరట. నేల కింద బొగ్గు ఉందని మొత్తం తవ్వేశారట.

"అదే పేరుతో వేరేచోట ఊరు కట్టిచ్చారు. వీధుల పేర్లూ అవే. అయినా మా అమ్మ చివరిదాకా దారి తప్పుతూనే ఉండేది," అన్నాడు.

గోదావరి ఒడ్డున మా ఊరు కూడా డ్యాం నీళ్ళలో మునిగిపోయింది. దోహాలో ఎవరడిగినా రాజమండ్రి అనే చెప్పేవాణ్ణి. ఆయనకు మాత్రం ఉన్నది చెప్పాను.

"దాని పేరేంటి?"

"తాటిరేవు."

"తాతిరేవు," అన్నాడాయన.

"తాతి కాదండీ, తాటి."

"తాటిరేవు," అని ఈసారి నెమ్మదిగా, సరిగ్గా పలికాడు.

తరవాతి స్టాపులో దిగిపోయాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మా ఊరి పేరు మరొకరి నోట విని అప్పటికి చాలా ఏళ్ళయింది.